ఎమ్మారైలో డిస్క్ బల్జ్ అని వచ్చింది, ఇక వంగకూడదా? ఆపరేషన్ తప్పదా?

మీ ప్రశ్న చదివాక బీరువాలోంచి నా పాత ఫైలు తీసి చూసుకున్నానండీ. మీకు 38 ఏళ్లు, నాలుగు నెలలుగా నడుం నొప్పి, ఎమ్మారైలో నడుం కింది భాగంలోని ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 పూసల దగ్గర డిస్క్ బల్జ్ (అంటే పూసల మధ్య దిండులా ఉండే డిస్క్ ఉబ్బడం) అని, డీజెనరేషన్ (అంటే అరుగుదల) అని వచ్చింది. వంగొద్దు, బరువులెత్తొద్దు అన్నారు. ఇంట్లోవాళ్లేమో ఆపరేషన్ చేయించుకుంటే ఒక పనైపోతుందంటున్నారు. 2017లో నాకొచ్చిన రిపోర్టులోనూ దాదాపు ఇవే మాటలున్నాయి. అప్పుడు నా వయసు 39.

నేను డాక్టర్ని కాను, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. కాబట్టి నాకు జరిగినదీ, ఆ తర్వాత కూర్చుని చదివినదీ చెబుతాను. మీరు రాసినంతలో ఆపరేషన్ కావాల్సిందే అనిపించే మాట ఒక్కటీ లేదు. అయితే మీరు రాయని సంగతులు కొన్నున్నాయి, వాటిని చివర్లో అడుగుతాను.

నాకు మొదలైంది ఒక ఆదివారం. తడిబట్టల బకెట్ మేడ మీదకు మోసుకెళ్లి దించుతుంటే నడుం పట్టేసింది. రెండు రోజులు పక్క మీంచి లేవలేకపోయాను. నెలైనా తగ్గకపోతే స్కాన్ తీయించారు. ఫిల్మును లైటుకు పెట్టి చూసిన డాక్టరు గారు "మీ నడుం అరవై ఏళ్ల మనిషి నడుంలా అయిపోయిందమ్మా" అన్నారు. ఆయన చెడు ఉద్దేశంతో అనలేదు, నన్ను జాగ్రత్తగా ఉండమనే చెప్పారు. కానీ ఆ ఒక్క మాట నాతోపాటు ఇంటికొచ్చి ఏడాదికి పైగా ఉండిపోయింది.

నేను చేసిన జాగ్రత్తలు ఎలాంటివంటే, క్లాసులో సుద్దముక్క కిందపడితే ముందు బెంచీ పిల్లను పిలిచి తీయించేదాన్ని. నీళ్ల బిందె ముట్టుకోవడం మానేశాను. వ్రతానికి పిలిస్తే కుర్చీ ఉంటుందా అని ఫోన్ చేసి అడిగి వెళ్లేదాన్ని. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నడుంకి బెల్టు. అప్పుడు ఐదో తరగతి చదువుతున్న మా అమ్మాయి వెనకనుంచి వచ్చి వాటేసుకోబోతే, "నడుం! నడుం!" అని అరిచాను. అది బిక్కచచ్చిపోయి నిలబడిపోయింది. ఇప్పటికీ నన్ను ఎక్కువగా బాధించేది ఆ నొప్పి కాదు, దాని మొహం. ఇంత జాగ్రత్తగా ఉన్నా నొప్పి తగ్గిందా అంటే, లేదు. మొదట్లో వంగితేనే వచ్చేది, ఆరు నెలలయ్యేసరికి కూర్చున్నా నిలబడ్డా వచ్చేది.

మా అక్క కొడుకు అప్పట్లో ఫిజియోథెరపీ చదువుతున్నాడు. సంక్రాంతికి ఒంగోలు వచ్చాడు. వాకిట్లో అందరూ ముగ్గులేస్తుంటే నేను కుర్చీలో కూర్చుని రంగులు అందించడం చూసి, "రిపోర్టు ఓసారి చూపించు పిన్నీ" అన్నాడు. చదివి, "నీ వయసువాళ్లనే, అసలు నడుం నొప్పంటే ఏంటో తెలియనివాళ్లని, వందమందిని ఆ మిషన్లో పడుకోబెడితే ఎంతమందికి బల్జ్ కనిపిస్తుందనుకుంటున్నావు?" అని అడిగాడు. పదిమందికేమో అన్నాను. "యాభై మందికి" అన్నాడు.

నమ్మలేదు. ఆ లెక్క ఎక్కడిదో చూపించమన్నాను. 2015లో అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూరోరేడియాలజీలో వచ్చిన సమీక్ష అది. 33 అధ్యయనాలు కలిపి, నొప్పి లేని 3,110 మంది స్కాన్లను చూశారు. 20 ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. 40 ఏళ్లకు 50 శాతం, 60 ఏళ్లకు 69, 80 ఏళ్లకు 84. నన్ను అంతగా భయపెట్టిన డీజెనరేషన్ అయితే 40 ఏళ్ల వయసుకు 68 శాతం మందిలో ఉంది. వీళ్లంతా ఏ నొప్పీ లేకుండా తిరుగుతున్నవాళ్లే. రోజూ పిల్లలకు శాతాలు చెప్పేదాన్ని, అయినా డాక్టరు చెప్పినప్పుడు "ఇది ఎంతమందికి మామూలుగా ఉంటుందండీ?" అని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు.

దీన్ని పట్టుకుని డిస్కుకూ నొప్పికీ సంబంధమే లేదనుకోకూడదు. 50 ఏళ్ల లోపువాళ్లలో చూస్తే, నొప్పి లేనివాళ్ల కంటే ఉన్నవాళ్లలో ఈ మార్పులు కాస్త ఎక్కువే కనిపిస్తాయని అదే బృందం ఇంకో సమీక్షలో తేల్చింది. సంబంధం ఉంది. కాకపోతే ఒక మనిషి నొప్పికి ఆ ఫొటోలో కనిపించేదే కారణమని వేలు పెట్టి చూపించేంత గట్టిది కాదు.

ఫొటో చదవడంలోనూ తేడాలుంటాయి. అమెరికాలో ఒక 63 ఏళ్లావిడకు మూడు వారాల్లో పది వేర్వేరు సెంటర్లలో ఎమ్మారై తీయించారు. నడుం అదే, స్కాన్లు పది. ఆ పది రిపోర్టుల్లో కలిపి 49 రకాల లోపాలు రాశారు. పదింటిలోనూ ఉన్న లోపం ఒక్కటంటే ఒక్కటి లేదు. 2017లో అచ్చయిన ఈ ఫలితాన్ని నేను రెండుసార్లు చదివాను.

నన్ను కదిలించిన అధ్యయనం మాత్రం మన పక్కనే జరిగింది. కోయంబత్తూరులోని గంగా హాస్పిటల్‌లో డాక్టర్ ఎస్. రాజశేఖరన్ బృందం 2021లో ప్రచురించింది. నడుం నొప్పితో వచ్చిన 44 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఎమ్మారైలో ఉన్న లోపాలన్నీ పూర్తిగా వివరించారు. రెండో గుంపుకు మీ నడుం బాగానే ఉంది, కనిపించేవి వయసుతోపాటు వచ్చే మార్పులే అని చెప్పారు. వైద్యం ఇద్దరికీ ఒకటే. ఆరు వారాల తర్వాత చూస్తే లోపాలన్నీ విన్నవాళ్లలో భయం ఎక్కువ, నొప్పి తగ్గింది తక్కువ, పనులు చేసుకోవడంలోనూ వెనకబడ్డారు. ఇది చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. అరవై ఏళ్ల నడుం అన్న మాట నా కండరాల్లోకి దిగిందని అప్పుడర్థమైంది.

అలాగని నొప్పి నా ఊహ కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "అంతా నీ భయమే" అని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది. నొప్పి నిజం. కండకో ఎముకకో దెబ్బ తగిలి వచ్చే నొప్పి ఒకటి, నరం దెబ్బతిని వచ్చేది ఒకటి అని ముందునుంచీ చెప్పేవారు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2017లో వీటికి మూడో రకాన్ని చేర్చి, నోసిప్లాస్టిక్ నొప్పి అని పేరు పెట్టింది. దాన్ని వివరించేంత గాయమూ నరం దెబ్బా కనిపించవు. నొప్పిని పసిగట్టే వ్యవస్థే అతిగా పనిచేస్తుంటుంది. దొంగను ఒకసారి చూసిన కాపలా కుక్క ఆ తర్వాత ఆకు కదిలినా మొరుగుతుంది చూడండి, అలా. కుక్క మొరగడం అబద్ధం కాదు, దొంగ మాత్రం ఎప్పుడో పోయాడు. చాలామందిలో ఈ రకాలు కలగాపులగంగా ఉంటాయట. నాకూ అలాగే అయుంటుందని నా నమ్మకం.

ఇక నేనేం చేశానంటే, అక్క కొడుకు పరిచయం చేసిన ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లాను. ఆవిడ కరెంటు పెట్టలేదు, ట్రాక్షన్ (అంటే నడుంని బరువులతో లాగి ఉంచడం) వేయలేదు. "ఏ పనంటే భయం?" అని అడిగారు. వంగడం అన్నాను. మొదటి రోజు కుర్చీలో కూర్చుని చేతులు మోకాళ్ల మీదుగా పిక్కల దాకా జార్చమన్నారు, ఊపిరి బిగపట్టకుండా. వారం తర్వాత చీలమండల దాకా. తర్వాత నిలబడి. తర్వాత ఖాళీ బకెట్, ఆపైన పావు బకెట్ నీళ్లు. బెల్టు రోజుకో గంట తగ్గించుకుంటూ వచ్చి రెండు నెలలకు మానేశాను. నొప్పి ఉండేది, కానీ చేశాక మర్నాటికల్లా మామూలు స్థాయికి వచ్చేస్తే పర్వాలేదని, రాకపోతే ఒక మెట్టు దిగమని చెప్పారు. ఆ కొలత నాకు బాగా నచ్చింది. క్లాసులో సుద్దముక్క నేనే వంగి తీసుకున్న రోజు ముందు బెంచీ పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లు అంతకాలం గమనిస్తున్నారని నాకప్పటిదాకా తెలియదు.

ఇది నా ఒక్కదాని అదృష్టం కాదని తర్వాత తెలిసింది. ఇదే పద్ధతిలో, అంటే భయపడే కదలికనే మెల్లగా చేయిస్తూ, నొప్పి గురించి అర్థమయ్యేలా చెబుతూ, నిద్రనూ దిగులునూ కూడా పట్టించుకుంటూ చేసే వైద్యాన్ని ఆస్ట్రేలియాలో 492 మంది మీద పరీక్షించారు. 2023లో లాన్సెట్‌లో వచ్చింది. పన్నెండు వారాల్లో ఎక్కువలో ఎక్కువ ఏడుసార్లు, ఆరు నెలలప్పుడు మరోసారి కలిశారు, అంతే. ఏడాది తర్వాత కూడా వాళ్లు మామూలు వైద్యం తీసుకున్నవాళ్ల కంటే మెరుగ్గా పనులు చేసుకుంటున్నారు.

నడక గురించి కూడా. 2024లో అక్కడే 701 మంది మీద చేసిన అధ్యయనం ఉంది. అందరూ నడుం నొప్పి వచ్చి తగ్గినవాళ్లు. వాళ్లలో సగం మందికి ఫిజియోథెరపిస్టు సాయంతో నడకను కొద్దికొద్దిగా పెంచుతూ వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట దాకా తీసుకెళ్లడం లక్ష్యంగా పెట్టారు. నొప్పి మళ్లీ రావడానికి మామూలుగా 112 రోజులు పడితే, నడిచినవాళ్లకు 208 రోజులు పట్టింది. నేను ఆటో మానేసి బస్టాండుదాకా నడిచి వెళ్తున్నాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇప్పటికీ పట్టేస్తుంది. వారం పది రోజుల్లో పోతుంది. ఈ మధ్యలో పడుకుని ఉండను.

ఎక్కువ రోజులు పడుకుంటే అదనంగా లాభమేమీ లేదని 1986లోనే తేలింది. రెండు రోజులు పడుకోమన్నవాళ్లు వారం రోజులు పడుకోమన్నవాళ్ల కంటే తక్కువ రోజులు పని మానారు, కోలుకోవడంలో మాత్రం తేడా లేదు. మాత్రల విషయానికొస్తే, కొత్తగా వచ్చిన నడుం నొప్పికి పారాసిటమాల్ వేసినా ఉత్తుత్తి మాత్ర వేసినా కోలుకునే రోజుల్లో తేడా కనిపించలేదు. బెల్టులు, ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ వైద్యం దీర్ఘకాలిక నడుం నొప్పికి మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరు మార్గదర్శకాల్లో చెప్పింది. నేను ఆ మూడూ డబ్బులిచ్చి చేయించుకున్నదాన్ని.

ఆపరేషన్ సంగతి. కాలిలోకి దిగే నొప్పి, అంటే సయాటికా ఉంటే ఆపరేషన్ వల్ల మేలు జరుగుతుంది, ముఖ్యంగా త్వరగా ఉపశమనం వస్తుంది. నెదర్లాండ్స్‌లో ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో ఉన్న 283 మందిలో సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లను ఆగి చూడమన్నారు. ఆగినవాళ్లలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతావాళ్లకు ఆ అవసరమే రాలేదు. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఇంకో వింత ఏమిటంటే డిస్క్ ఎంత ఎక్కువగా బయటికొస్తే అది దానంతట అదే కరిగిపోయే అవకాశం అంత ఎక్కువ. ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని పరాయి వస్తువనుకుని తినేస్తాయి. కేవలం నడుంలో నొప్పి ఉండి, రిపోర్టులో బల్జ్ ఉంటే మాత్రం ఆపరేషన్‌కి తొందరపడకండి, ఇది నా మనవి.

స్కాన్లన్నీ దండగ అని నేననను. మా స్కూల్లోనే పనిచేసిన ఒక మాస్టారు నా కథ విని ధైర్యం తెచ్చుకుని నడక మొదలెట్టారు. ఆయనకు సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది, బరువు తగ్గారు, రాత్రిపూట నొప్పికి మెలకువ వచ్చేది. ఇవేవీ నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎమ్మారై తీస్తే వెన్నుపూసలో టీబీ అని తేలింది. ఏడాదికి పైగా మందులు వాడి కోలుకున్నారు. అప్పటినుంచీ ఎవరు నడుం నొప్పన్నా ముందు ప్రశ్నలు అడుగుతాను, తర్వాతే నా కథ చెబుతాను. మీకు ఈసారి వరస తప్పింది, మన్నించండి.

అందుకని ఇవి దయచేసి రాయండి. సాయంత్రం జ్వరం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం ఉన్నాయా? ఇదివరకు క్యాన్సర్ గానీ, చాలాకాలం స్టెరాయిడ్లు వాడటం గానీ, పెద్దగా కిందపడటం గానీ ఉందా? పొద్దున లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి, తిరిగితే సర్దుకుంటుందా? అలా అయితే కీళ్ల వాతం డాక్టరును, అంటే రుమటాలజిస్టును కలవాలి. నొప్పి పిరుదు నుంచి పిక్క కిందికి లాగుతుందా? మడమ మీద నిలబడి నాలుగడుగులు వేయగలుగుతున్నారా, కాలి బొటనవేలు పైకెత్తగలుగుతున్నారా? మూత్రం ఆగకపోవడం లేదా రాకపోవడం, కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం, వీటిలో ఏ ఒక్కటున్నా నా జవాబు కోసం చూడకండి, ఇవాళే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.