జనరేటర్ కొనే ముందు చార్జర్ మీద రాసింది చదవండి

ప్రశ్న: మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. మొబిలిటీ స్కూటర్ (నడవడం కష్టమైనవారు కూర్చుని నడిపే బ్యాటరీ బండి) మీదే బయటికి వెళ్తారు. ఈమధ్య సగం దారిలోనే చార్జింగ్ అయిపోతోంది. చిన్న పెట్రోల్ జనరేటర్ బిగించి ఇంట్లోనే దాన్ని హైబ్రిడ్‌గా మారుద్దామనుకుంటున్నాను. వెల్డింగ్, వైరింగ్ నాకు వచ్చు. ఖర్చులో సగం అత్యవసర నిధి నుంచి తీసి, మిగతాదానికి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: లోన్ వద్దు. అత్యవసర నిధిని కూడా ముట్టుకోకండి. మీ పనితనం మీద అనుమానంతో అంటున్న మాట కాదిది. మొబిలిటీ స్కూటర్ పుట్టిందే ఇలాంటి సొంత తయారీతో: 1968లో అమెరికాలో అలన్ థీమ్ అనే ఆయన మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుతో బాధపడుతున్న తన ఇంటి మనిషి కోసం ఇలాంటి బండి తయారుచేశాడు. మీ విషయంలో నాకు తేడాగా కనిపిస్తున్నది ఖర్చు లెక్క.

ఈ బండ్లు చాలావరకు 24 వోల్టులవి, అంటే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు. ఒక్కోటి 35 ఆంపియర్ అవర్లదైతే మొత్తం 840 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగానికి మించి వాడకూడదు. ఇక జనరేటర్ సంగతి. వెయ్యి వాట్లది కొన్నా కరెంటు బ్యాటరీలోకి వెళ్లేది చార్జర్ గుండానే కదా. బండితో వచ్చిన చార్జర్ 5 ఆంపియర్లదైతే అది లోపలికి పంపేది దాదాపు 140 వాట్లు. బండి నడుస్తుంటే మోటారు ఒక్కటే ఆ మాత్రం లాగేస్తుంది. పైగా చార్జర్ తగిలించి ఉన్నంతసేపు కదలకుండా చాలా బండ్లలో తాళం పెట్టి ఉంటారు. దాన్ని దాటాలంటే మోటారును నడిపించే కంట్రోలర్ జోలికి వెళ్లాలి, పెద్ద చార్జర్ కొనాలి, ఆ చార్జింగ్ వేగాన్ని పాత బ్యాటరీలు తట్టుకోవు కాబట్టి అవీ మార్చాలి. మీరు వేసుకున్న అంచనాలో ఇవేవీ ఉన్నట్టు లేవు.

అసలు సగం దారిలో ఎందుకు ఆగుతోంది? ముందు బ్యాటరీలకు లోడ్ టెస్ట్ (భారం పెట్టి సత్తా చూసే పరీక్ష) చేయించండి. జంటలో ఒకటి బలహీనపడితే రెండోదాన్నీ కిందికి లాగుతుంది, అందుకే మార్చేటప్పుడు రెండూ కలిపే మార్చాలి. టైర్లలో గాలి, బ్రేకు పట్టేస్తోందా అన్నది మీరే చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. అప్పటికీ దూరం చాలకపోతే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మారండి. 25.6 వోల్టులు, 50 ఆంపియర్ అవర్లదైతే 1,280 వాట్ అవర్లు, అందులో 80 శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. అంటే వాడుకోగల శక్తి రెట్టింపు దాటుతుంది, బరువు మాత్రం తగ్గుతుంది. దానికి తగిన చార్జర్ వేరే కొనాలి. మోటారు లాగే గరిష్ఠ కరెంటును బ్యాటరీలోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) మోయగలదో లేదో ముందే అడగండి. ఈ డబ్బును మూడు నాలుగు నెలల జీతం నుంచి పక్కన పెట్టొచ్చు. ఆ తర్వాత కూడా నెలనెలా కొంత వేస్తూ ఉంటే తర్వాతి బ్యాటరీ మార్పిడికి తడుముకోనక్కర్లేదు.

హైబ్రిడ్ బండికి దాగి ఉన్న ఖర్చులు ఇంకా ఉన్నాయి. కంపెనీ వారంటీ పోతుంది. బీమా ఉంటే, మార్పులు చేసిన బండికి అది వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అమ్మబోతే కొనేవాడు దొరకడం కష్టం. వీటన్నిటికంటే నన్ను ఆపుతున్నది పొగ. పెట్రోల్ ఇంజన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. ఇప్పుడు లిఫ్టులోకి, ఆసుపత్రి వరండాలోకి నేరుగా వెళ్తున్న బండిని అప్పుడు బయటే వదలాల్సి వస్తే నాన్నగారికి ఒరిగేదేమిటి?

ఇన్ని విన్నాక కూడా చేయాలనిపిస్తే చేయండి, సరదా కూడా ఖర్చు పెట్టదగ్గదే. కానీ ఆయన రోజూ ఎక్కే బండిని విప్పకండి. పాత ఫ్రేమ్ ఒకటి కొని, మీ సరదా ఖర్చుల పద్దులోంచే దాని మీద పెట్టండి. అంచనాకు మరో 30 శాతం కలిపి అంతకు మించనని ముందే గీత గీసుకోండి. మీరు ఎక్కి ఖాళీ మైదానంలో తిప్పి చూసేదాకా ఆయన్ని ఎక్కించకండి.

లోన్‌కు ఇప్పటికే దరఖాస్తు పెట్టి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే వెనక్కి తీసుకోండి. పడ్డాక రద్దు చేసుకుంటే ప్రాసెసింగ్ ఫీజు తిరిగి రాకపోవచ్చు.