భర్త సంతకం లేకుండా అబార్షన్ చేస్తారా?

ప్రశ్న: మేము హైదరాబాద్ మలక్‌పేటలో ఉంటాం. నాకు 34 ఏళ్లు, ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. నా భార్య టీచరు. మా పాపకు 14 నెలలు. ఎంత జాగ్రత్తగా ఉన్నా మళ్లీ నెల తప్పింది, ఇప్పుడు ఎనిమిదో వారం. తనకు ఈ కాన్పు వద్దంటోంది. నాకూ మా నాన్నగారికీ ఉంచుకోవాలని ఉంది. ఈసారి మగపిల్లవాడేనని నాన్నగారి నమ్మకం. మా అమ్మ, చెల్లెలు మాత్రం ‘కనేది ఆ అమ్మాయి, తన ఇష్టం’ అంటున్నారు. ఇంట్లో మగవాళ్లం ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క అయిపోయాం. ఆ బిడ్డలో సగం నాది కాదా? నా సంతకం లేకుండా ఆసుపత్రిలో చేస్తారా? కోర్టుకు వెళ్లి ఆపించవచ్చా? విడాకులు అడగవచ్చా? అసలు ఈ చట్టాన్ని ఆడవాళ్ల వైపు నుంచే రాశారా? లాయరు నోటీసు నమూనా ఒకటి జతచేశాను, చూడగలరు.
– పేరు ప్రచురించవద్దు

జవాబు: మీ సంతకం అక్కర్లేదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే మీరు అయిదు ప్రశ్నలు వేసినా మీ మనసంతా ఆ సంతకం మీదే ఉంది.

1971 నాటి వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం మూడో సెక్షన్‌లో సమ్మతి ఎవరిదో స్పష్టంగా ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన మహిళ అయితే ఆమె ఒక్కరి సమ్మతి చాలు. మైనరుకు, మానసిక అనారోగ్యంతో ఉన్న మహిళకు మాత్రం సంరక్షకుడి రాతపూర్వక సమ్మతి కావాలి. మీ భార్య టీచరు, మేజరు. ఆమెకు మీరు భర్తే గానీ ఈ విషయంలో సంరక్షకుడు కారు.

ఆసుపత్రిలో నింపే సమ్మతి పత్రాన్ని ఫారం సి అంటారు. చిన్న కాగితం. పేరు, ‘ఫలానా వారి కుమార్తె లేదా భార్య’, వయసు, చిరునామా, ‘నా గర్భాన్ని తొలగించడానికి సమ్మతిస్తున్నాను’, తేదీ, సంతకం. అంతే. భర్త పేరు పడే ఖాళీ అందులో ఉంది, భర్త సంతకం చేసే గీత లేదు. ‘మా బంధువుల అమ్మాయికి భర్త సంతకం అడిగారు’ అని మీరు వినే ఉంటారు. నిజమే, చాలా చోట్ల అడుగుతారు. రేపు భర్త వచ్చి గొడవ చేస్తాడేమోనన్న భయంతో కౌంటరు దగ్గర పెట్టుకున్న అలవాటు అది. 2022 సెప్టెంబరు 29న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు దీన్ని నేరుగా ప్రస్తావించింది. చట్టంలో లేని కుటుంబ సభ్యుల సమ్మతిని, అదనపు కాగితాలను వైద్యులు అడగకూడదని చెప్పింది.

అయితే ‘ఆమె అడిగితే చాలు, చేసేస్తారా’ అంటే, అలా కూడా కాదు. మన చట్టంలో చాలామందికి తెలియని కిటుకు ఇక్కడే ఉంది. సమ్మతి ఆమెది, నిర్ణయానికి ఆధారం మాత్రం డాక్టరు అభిప్రాయం. 20 వారాల వరకు ఒక డాక్టరు, 20 నుంచి 24 వారాల మధ్య నిబంధనల్లో పేర్కొన్న కొన్ని వర్గాల మహిళలకు ఇద్దరు డాక్టర్లు, ఆపైన పిండానికి తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు. గర్భం కొనసాగితే ఆమె ప్రాణానికి ప్రమాదమో, శారీరకంగా గానీ మానసికంగా గానీ తీవ్ర హానో కలుగుతుందని, లేదా పుట్టే బిడ్డకు తీవ్రమైన లోపం ఉంటుందని డాక్టరు సద్భావంతో అభిప్రాయపడాలి. గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భమైతే ఆ మానసిక హాని ఉన్నట్టే భావించవచ్చని చట్టం అంటుంది. ‘ఎంత జాగ్రత్తగా ఉన్నా’ అని మీరే రాశారు. ఆమె తరఫు ఆధారాన్ని మీ చేత్తో రాసి నాకు పంపారన్నమాట.

కోర్టు నుంచి ఆపుదల ఉత్తర్వు గురించి. సరిగ్గా మీలాంటి భర్త ఒకరు ఇదివరకే కేసు వేశారు. తన సమ్మతి లేకుండా అబార్షన్ చేశారని భార్య మీద, ఆమె పుట్టింటివారి మీద, డాక్టర్ల మీద 30 లక్షల రూపాయలకు దావా తెచ్చారు. భార్య కాపురానికి ఒప్పుకున్నంత మాత్రాన బిడ్డను కనడానికి ఒప్పుకున్నట్టు కాదని పంజాబ్, హరియాణా హైకోర్టు 2011లో తేల్చింది. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. ఆ దారిలో మీకు కోర్టు ఫీజు ఖర్చు తప్ప ఏమీ మిగలదు.

విడాకుల విషయంలో మీ లాయరు మిత్రులెవరైనా 2007 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చూపిస్తారు, కాబట్టి నేనే చెబుతాను. మానసిక క్రూరత్వానికి ఉదాహరణలు ఇస్తూ, వైద్య కారణం లేకుండా గానీ, భర్త సమ్మతి లేకుండా, అతనికి తెలియకుండా గానీ భార్య అబార్షన్ చేయించుకోవడం క్రూరత్వం కావచ్చని అందులో అన్నారు. ‘కావచ్చు’ అన్న మాటను గమనించండి. అదే వాక్యంలో, భార్యకు చెప్పకుండా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్న భర్త కూడా ఉన్నాడు. పైగా మీ భార్య దాచలేదు, ఎదురుగా కూర్చుని చెప్పారు. ఒక్క సంఘటన మీద కాక మొత్తం కాపురం మీద తూకం వేస్తుంది కోర్టు. పద్నాలుగు నెలల పసిబిడ్డ తల్లి మీద ఈ ఒక్క కారణంతో విడాకుల పిటిషన్ వేస్తే నిలుస్తుందని నేను అనుకోను.

ఇక మీ ఆఖరి ప్రశ్న. ఈ చట్టం ఆడవాళ్ల ఉద్యమంలోంచి పుట్టలేదు. 1964లో కేంద్రం వేసిన శాంతిలాల్ షా కమిటీ 1966లో నివేదిక ఇచ్చింది. నాటు పద్ధతుల్లో గర్భం తీయించుకుని తల్లులు చనిపోతున్నారన్నది ఒక బాధ, జనాభా పెరిగిపోతోందన్నది అప్పటి ప్రభుత్వాల బెంగ. 2021 సవరణ వరకు గర్భనిరోధకం విఫలమైన నిబంధనలో ‘వివాహిత లేదా ఆమె భర్త’ అనే ఉండేది. ఇప్పుడు ‘మహిళ లేదా ఆమె భాగస్వామి’ అయింది. అంటే ఆ చట్టంలో మగవాడు ఉన్నాడు, కానీ గర్భనిరోధకం వాడిన మనిషిగా మాత్రమే.

మగవాళ్లదంతా ఒక మాట, ఆడవాళ్లదంతా ఒక మాట అన్న మీ లెక్కకు న్యాయస్థానాల్లోనే ఆధారం దొరకదు. పెళ్లికాని మహిళలకు కూడా 24 వారాల వరకు హక్కును విస్తరించిన 2022 తీర్పు ఇచ్చినది ముగ్గురు పురుష న్యాయమూర్తులు. ఏడాది తర్వాత, 2023 అక్టోబరులో, ఇద్దరు పిల్లల తల్లి ఒకరు 26 వారాల గర్భాన్ని తొలగించుకుంటానని సుప్రీంకోర్టుకు వచ్చారు. విన్నది ఇద్దరు మహిళా న్యాయమూర్తులు. మన తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లి తన మనస్సాక్షి ఒప్పుకోదన్నారు, జస్టిస్ నాగరత్న ఆ తల్లి నిర్ణయాన్ని గౌరవించాలన్నారు. చివరికి ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అనుమతి నిరాకరించింది. అమెరికాలో 1973లో రో వర్సెస్ వేడ్ కేసు తీర్పుతో అబార్షన్ హక్కును ఇచ్చిన సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులూ మగవాళ్లే, అందులో ఏడుగురు అనుకూలం. 2022లో దాన్ని కొట్టేసిన వారిలో ఒక మహిళ ఉన్నారు. ఆ ఏడాది ప్యూ పరిశోధన సంస్థ అక్కడ జరిపిన సర్వేలో అబార్షన్ అన్ని సందర్భాల్లోనో, ఎక్కువ సందర్భాల్లోనో చట్టబద్ధంగా ఉండాలన్న ఆడవాళ్లు 63 శాతం, మగవాళ్లు 58 శాతం. అయిదు శాతం తేడా. మీ ఇంట్లో చీలిక ఇంతకంటే ఎక్కువగా ఉంది.

లాయరుగా నా చాంబరు అనుభవం దేశానికంతా వర్తించదు గానీ, నేను చూసిన తేడా వేరు. మగవాళ్లు వంశం, హక్కు, నలుగురిలో మాట అంటూ మొదలుపెడతారు. ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కలతో వస్తారు. సిజేరియన్ అయి ఎన్ని నెలలైంది, సెలవు ఎన్ని రోజులు మిగిలింది, రాత్రిళ్లు పెద్దబిడ్డను ఎవరు చూస్తారు. ఉంచుకోవాలనే భర్త నా దగ్గరకు రావడం అరుదు. తీయించమని ఒత్తిడి చేసే భర్తలే ఎక్కువ. పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టు వరండాలో ఒకామె స్టీలు టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని నాతో అన్న మాట నాకింకా గుర్తే: ‘మేడమ్, మూడోసారి కూడా ఆడపిల్లేమోనని తీయించమంటున్నాడు, నేను తీయించను.’ ఆమెకు కూడా ఇదే చట్టం అండగా నిలిచింది. మహిళ సమ్మతి లేకుండా గర్భం తీయిస్తే భారతీయ న్యాయ సంహిత 89వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. మీ భార్య ‘వద్దు’ అనడానికి, వరండాలోని ఆమె ‘కావాలి’ అనడానికి ఆధారం ఒకటే, మహిళ సమ్మతి.

మగపిల్లవాడు అన్న మీ నాన్నగారి మాట గురించి: ఎనిమిదో వారంలో స్కానింగులో తెలిసే విషయం కాదు కాబట్టి అది ఆశేనని అనుకుంటున్నాను. ఆ తర్వాత కూడా ఎక్కడా ఎవరినీ అడగవద్దు, 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నేరం.

మీరు చేయకూడనివి ఇంకో రెండు. ‘మా బావగారికి ఆ ఆసుపత్రిలో తెలిసినవాళ్లు ఉన్నారు’ అన్న ఆలోచన వస్తే మానుకోండి. ఆమె వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆమెను ఇంట్లోంచి కదలనివ్వకపోవడం, ఫోను తీసేసుకోవడం గృహహింస కిందికి వస్తాయి. అడ్డంకులు పెడితే ఆమె మనసు మారుతుందని అనుకోకండి. మందుల దుకాణంలో చెప్పకుండా మాత్రలు కొనుక్కుని మింగే పరిస్థితి వస్తుంది. ఆ మాత్రలు తొమ్మిది వారాల లోపు, డాక్టరు పరీక్షించి రాసిస్తేనే వాడాలి. లేకపోతే రక్తస్రావం ఆగక పేట్ల బురుజు ఆసుపత్రికి అర్ధరాత్రి పరుగెత్తాల్సి రావచ్చు, అప్పుడు ఆటో పిలిచేది మీరే.

మీకు బాధ లేదని నేను అనడం లేదు. తండ్రి కావాలనుకున్న మనిషికి అది నిజమైన బాధే. దాన్ని చెప్పుకోవలసింది ఆమెతో, డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లినప్పుడు. ఆమె రమ్మంటే లోపలికి వెళ్లండి, వద్దంటే బయట కూర్చోండి.

మీరు జతచేసిన నోటీసు చదివాను. భాష బాగానే ఉంది, సెక్షన్లు తప్పు. పంపినవారి చిరునామా, అందుకోవాల్సినవారి చిరునామా ఒకటే ఇల్లు, ఒకటే ఫ్లాటు నంబరు. పోస్ట్‌మాన్ తలుపు కొడితే సంతకం పెట్టి తీసుకునేది బహుశా మీ అమ్మగారు.