మీరు అడిగారు: కళాయిలో సీసం, బట్టల మీద సీసం, బోరు నీళ్ళలో మాంగనీస్

ప్రశ్న: బుడితిలో కొన్న ఇత్తడి గిన్నెకు మొన్న కళాయి వేయించాం. రాత్రిపూట చోడి అంబలి అందులోనే పులియబెడతాం. కళాయిలో సీసం కలుపుతారని విన్నాం. నిజమేనా? – ఒక గృహిణి, సారవకోట మండలం

జవాబు: కలిపేవాళ్ళు ఉన్నారమ్మా. ఇత్తడి అంటే రాగి, జింకు. పులుపు తగిలితే ఆ రెండూ తిండిలోకి దిగుతాయి. పాత తుక్కు కరిగించి పోసిన ఇత్తడైతే కొంత సీసమూ ఉండొచ్చు. వీటికి అడ్డుగా వేసేదే కళాయి. గిన్నెను కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం రాసి, దూదితో లోపలంతా పరుస్తారు. తగరంతో భయం లేదు. కానీ తగరం ఖరీదెక్కువ. దాని బదులు రేడియో, టీవీ రిపేరులో వాడే టంకం తీగ వాడితే, అందులో దాదాపు 40 శాతం సీసం ఉండొచ్చు. వేసిన రోజు రెండూ తళతళలాడుతూనే ఉంటాయి, చూపుకి తేడా తెలియదు. రాత్రంతా పులిసే అంబలి, చింతపండు పులుసు, గోంగూర ఆ సీసాన్ని బాగా లాగేస్తాయి.

తగరం కడ్డీ మీరే కొని ఇవ్వడం మంచిది. స్వచ్ఛమైన తగరం కడ్డీని చెవి దగ్గర వంచితే కిర్రుమంటుంది. తెల్ల కాగితం మీద గీస్తే సీసం బూడిదరంగు చార పెడుతుంది. చార పడితే ఆ కడ్డీ వద్దు. పడకపోయినా సీసం బొత్తిగా లేదని మాత్రం అనుకోకండి, కొద్దిపాటి కల్తీ దీనికి దొరకదు. బంగారం పరీక్షించే ఎక్స్‌ఆర్ఎఫ్ యంత్రం సీసాన్ని కూడా చూపేలా అమర్చి ఉంటే, గిన్నె లోపలి వైపు పెట్టి చూడమనండి. ఈలోగా అంబలి మట్టికుండలోకో స్టీలు గిన్నెలోకో మార్చేయండి. ఇది వాయిదా వేయొద్దు.

ఇంకొకటి. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. అందుకే కళాయి గిన్నెలో పోపు వెయ్యకూడదు, ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టకూడదు, ఇసకతో గానీ స్టీలు పీచుతో గానీ తోమకూడదు. లోపల పసుపు రంగు కనపడిందంటే మళ్ళీ కళాయికి ఇవ్వాలి.

ప్రశ్న: మా ఆయన పాత బ్యాటరీలు విప్పి బాగుచేస్తారు. నాలుగేళ్ళ బాబుకి తరచూ కడుపునొప్పి, మలబద్ధకం. నులిపురుగుల మందు రెండుసార్లు వేశాం, తగ్గలేదు. – పాఠకురాలు, రాజాం

జవాబు: మీ ఇంటి పని సంగతి డాక్టరుకు చెప్పారా? చెప్పకపోతే సీసం ఆయన ఊహకు రాకపోవచ్చు. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, చిరాకు పిల్లల్లో సీసం చూపే గుర్తులే. కారు బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. ఆ దుమ్ము చొక్కా మీద, జుట్టులో ఇంటికొస్తుంది. నేల మీద ఆడి చేతులు నోట్లో పెట్టుకునే పిల్లవాడి ఒంటికి, మింగిన సీసం పెద్దవాళ్ళకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లలకు ఇంకా ఎక్కువ.

రక్తంలో సీసం పరీక్ష రాయించుకోండి. వేలికి పొడిచి తీసిన చుక్కతో ఎక్కువ వస్తే, చర్మం మీది దుమ్ము కలిసిందేమో చెప్పలేం. నరం నుంచి తీసిన రక్తంతో మళ్ళీ చూడాలి. చాలా ల్యాబుల్లో ఆ యంత్రం ఉండదు, నమూనా తీసి పెద్ద ల్యాబుకు పంపుతారు. డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 45, ఆపైన ఉంటే సీసాన్ని మూత్రంలోకి లాగే మందు మొదలుపెడతారు, అదీ డాక్టరు పర్యవేక్షణలోనే. వాంతులు, మగత, ఫిట్స్ ఉంటే ఫలితం కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

అసలు వైద్యం ఇంట్లో దుమ్ము ఆపడమే. ఇది ఆగకుండా మందు వేస్తే, పోయిన సీసం మళ్ళీ చేరుతుంది. ఆయన షాపులోనే స్నానం చేసి, బట్టలు, చెప్పులు మార్చుకుని రావాలి. ఆ బట్టలు వేరే బకెట్లో ఉతకాలి. ఇల్లు చీపురుతో పొడిగా ఊడవకండి, తడిబట్టతో తుడవండి. పెరట్లో బ్యాటరీ పగలగొట్టడం, యాసిడ్ పారబోయడం ఇకపై వద్దు. ఇదివరకే పోసిన చోట ఆకుకూరలు వేయకండి, ఆ నేలను శుభ్రమైన మట్టితోనో సిమెంటుతోనో కప్పండి. పాత బ్యాటరీలను 2022 నాటి నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్లకే చేర్చాలి. తల్లిగా మీరూ, మిగతా పిల్లలూ కూడా పరీక్ష చేయించుకోండి. సీసం దొరికితే డాక్టరు చెప్పిన గడువుకు మళ్ళీ చూపించాలి. రాక ఆగిపోతే రక్తంలో సుమారు నెలకు సగం తగ్గుతుంది, కానీ ఎముకల్లో దాగినది ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తూనే ఉంటుంది.

ప్రశ్న: బోరు నీళ్ళు తోడినప్పుడు తేటగానే ఉంటాయి, తెల్లారేసరికి బకెట్ నల్లబడుతుంది. మరిగించి తాగొచ్చా? – రైతు, గరివిడి

జవాబు: మీ ప్రాంతపు నేలలో మాంగనీస్ ఖనిజం ఉంది కాబట్టి, ముందు దాన్నే అనుమానించాలి. ఇనుమైతే తుప్పు రంగు వస్తుంది, మాంగనీస్ అయితే నలుపు. మరిగిస్తే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మన తాగునీటి ప్రమాణంలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము వరకు సమ్మతం, వేరే నీరు లేకపోతే 0.3 వరకు. ఆపైన ఉన్న నీటితో పసిపిల్లల పాలపొడి కలపనే వద్దు.

పరీక్షకు మోటారు పది నిమిషాలు వదిలి, ల్యాబు ఇచ్చిన ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి. అందులో ముందే వేసిన నైట్రిక్ యాసిడ్‌ను కడిగెయ్యొద్దు. అది లేకపోతే లోహం సీసా గోడకు అంటుకుని లెక్క తక్కువ చూపిస్తుంది. నీళ్ళు గాలికి పెడితే ఇనుము త్వరగా పేరుకుంటుంది గానీ మాంగనీస్ మామూలు నీటిలో అంత తేలిగ్గా లొంగదు. మాంగనీస్ డయాక్సైడ్ పూసిన ఇసక ఫిల్టరు ముందు పెట్టి, ఆ తర్వాత ఆర్వో పెట్టుకోండి. నేరుగా ఆర్వో పెడితే అందులోని మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) నల్లగా పూడుకుపోతుంది.

ప్రశ్న: ఉద్దానం కిడ్నీ జబ్బుకు భారలోహాలే కారణమా? ఒంట్లో విషం కడిగే భస్మాలు వాడొచ్చా? – కవిటి

జవాబు: కారణం ఇదేనని ఇంతవరకు తేలలేదు. లోహాల కోసం వెతికారు, ఇంకా వెతుకుతున్నారు. భస్మాలు మాత్రం వద్దు. కొన్నింటిలో పాదరసం, సీసమే ఉంటాయి, అవి ఉన్న కిడ్నీనీ పాడుచేస్తాయి. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా కొని మింగకండి. కిడ్నీ ఎలా ఉందో చెప్పే రెండు పరీక్షలు, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, ఏడాదికోసారి చేయించుకుని, ఆ కాగితాలన్నీ ఒకేచోట దాచుకోండి.