అల్లుడూ, ఆ పచ్చ బటన్‌లో పుల్ల తీసెయ్

అల్లుడూ,

బోరు స్టార్టర్‌లో పచ్చ బటన్ నొక్కినంతసేపే మోటారు తిరిగి, వేలు తీయగానే ఆగిపోతోందని బటన్ సందులో చీపురుపుల్ల గుచ్చి నడిపిస్తున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు వెళ్ళి ఆ పుల్ల పీకి, తర్వాత ఇది చదువు.

పుష్ బటన్ అంటే లైటు స్విచ్ కాదురా. వెనకాల స్ప్రింగు ఉంటుంది, కాలింగ్ బెల్‌లాగా నొక్కినంతసేపే పని. పచ్చదానిలో పాయింట్లు విడిగా ఉండి నొక్కితే కలుస్తాయి, దాన్ని ఎన్ఓ, అంటే నార్మల్లీ ఓపెన్ అంటాం. ఎర్రదానివి ఎప్పుడూ కలిసే ఉండి నొక్కితే విడిపోతాయి, అది ఎన్‌సీ, అంటే నార్మల్లీ క్లోజ్డ్. ఎర్రదానికి ఎన్‌సీయే ఎందుకంటే, దాని వైరు ఎలుక కొరికినా మోటారు దానంతట అదే ఆగిపోతుంది. ఎన్ఓ పెట్టి ఉంటే వైరు తెగిన సంగతి మోటారు ఆపాల్సి వచ్చిన రోజునే తెలిసేది.

ఇక మోటారు కరెంటు ఆ చిన్న బటన్‌లోంచి పోదు. స్టార్టర్ లోపల కాంటాక్టర్ అని అయస్కాంతంతో పనిచేసే పెద్ద స్విచ్ ఉంటుంది. బటన్ దాని కాయిల్‌కి (తీగచుట్టకి) మాత్రమే కరెంటు ఇస్తుంది, కాయిల్ లాగగానే మూడు ఫేజులూ కలుస్తాయి, వాటితో పాటే పక్కనున్న ఓ చిన్న కాంటాక్టు కూడా కలిసి పచ్చ బటన్‌ని దాటి కాయిల్‌కి ఇంకో దారి ఇస్తుంది. వేలు తీసినా మోటారు నడిచేది దానివల్లే. హోల్డింగ్ కాంటాక్టు అంటాం. నీకు తేడా వచ్చింది అక్కడే, బటన్‌లో కాదు.

పుల్ల ఉంటే ఏమవుతుందో తెలుసా? ఎర్రది నొక్కితే ఆగుతుంది, వదలగానే మళ్ళీ లేస్తుంది. కరెంటు పోయి వచ్చినా అంతే. నీ వయసులో నేనూ ఈ తెలివి చూపించాను. కరెంటు లేదు కదా అని బావి దగ్గర పంపు గ్లాండ్ (ఇరుసు దగ్గర నీళ్ళు కారకుండా ఉండే బిగింపు) బిగిస్తుంటే ఉన్నట్టుండి కరెంటొచ్చింది, చేతిలో స్పానర్ ఎగిరి బావిలో పడింది. వేళ్ళు పోలేదు, అదృష్టం.

మెయిన్ దించి, మూడు ఫేజులూ టెస్టర్‌తో చూశాకే మూత తియ్. మీ కాయిల్ రెండు ఫేజుల మధ్య 415 వోల్టులది, ఒక ఫేజు చూసి వదిలేయొద్దు. చీమలు, మట్టి ఉంటే దులుపు, స్క్రూ లూజుగా ఉందేమో చూడు. తర్వాత కాంటాక్టర్‌ని చేత్తో నొక్కిపట్టి ఆ చిన్న కాంటాక్టు మీద మల్టీమీటర్ పెట్టు. బీప్ రాకపోతే పాయింట్లు కాలినట్టే, కొత్తది వెయ్యి. గరుకు కాగితంతో గీకకు, వెండి పూత పోతుంది.

షెడ్డు దగ్గరా ఇంటి దగ్గరా రెండు చోట్ల బటన్లు కావాలన్నావుగా, పచ్చవి పారలల్‌లో (ఏది నొక్కినా లేచేలా పక్కపక్కన), ఎర్రవి సిరీస్‌లో (ఏది నొక్కినా ఆగేలా ఒకదాని వెనక ఒకటి) కలపాలి. పిండిమర వాళ్ళ దగ్గర పుట్టగొడుగులాంటి ఎర్ర బటన్ చూశావా, అది నొక్కితే అలాగే ఉండిపోతుంది, తిప్పితేనే బయటికొస్తుంది. నీకు అది అక్కర్లేదులే.

మూత తీశాక ఆ కాంటాక్టు ఫోటో వాట్సాప్‌లో పెట్టు, దుకాణంలో ఏది అడగాలో చెప్తాను.

మీ మావయ్య