11 ఏళ్ల కిందట పోయిన నాన్నకు ఇప్పుడు డెత్ సర్టిఫికెట్ ఎలా?

ప్రశ్న: మా నాన్న 2014 నవంబరులో చనిపోయారు. ఒంట్లో బాగాలేక చివరి మూడు నెలలూ మా అక్కావాళ్ల ఊళ్లో ఉన్నారు. అక్కడే, ఇంట్లోనే పోయారు. దహనం మాత్రం మా ఊళ్లో చేశాం. మరణం నమోదు చేయించాలని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఆయన సొంత కష్టంతో కొన్న రెండెకరాల పొలం ఇప్పుడు మా పేర్లకు మార్చాలంటే డెత్ సర్టిఫికెట్ కావాలంటున్నారు. మా పంచాయతీలో అడిగితే మా రికార్డులో లేదు, ఇవ్వలేం అన్నారు. కోర్టుకు పోవాల్సిందే అని ఒకరంటున్నారు. పోయిన నెలలో చనిపోయినట్టు రాయిద్దాం, వారంలో చేతికొస్తుంది అని ఇంకొకాయన డబ్బు అడుగుతున్నాడు. ఇంట్లో అమ్మ, అక్క, నేను. తాతయ్య ఎప్పుడో పోయారు, నాయనమ్మ 2017లో పోయింది. బాబాయి, మేనత్త ఉన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ డబ్బు అడుగుతున్నాయనకు దండం పెట్టి పంపించేయండి. మిగతాదంతా తర్వాత. మీరు మామూలుగా రాసిన ఒక మాట, నాయనమ్మ 2017లో పోయిందన్నది, మీ వ్యవహారానికి గుండెకాయ లాంటిది.

మీ నాన్నగారు వీలునామా రాయలేదని, మీకు హిందూ వారసత్వ చట్టం, 1956 వర్తిస్తుందని అనుకుని చెబుతున్నాను. ఆ చట్టం ప్రకారం మగమనిషి పోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికి ఉన్న తల్లికి సమాన వాటాలు వస్తాయి. 2014 నవంబరులో మీ నాయనమ్మ బతికే ఉంది. కాబట్టి ఆ క్షణానే రెండెకరాలు నాలుగు వాటాలయ్యాయి: అమ్మకు, అక్కకు, మీకు, నాయనమ్మకు తలా అరెకరం. 2017లో ఆమె పోయాక (ఆమె కూడా వీలునామా రాయలేదనుకుంటే) ఆమె అరెకరం మూడు భాగాలైంది. ఒకటి బాబాయిది, ఒకటి మేనత్తది, మూడోది మీ నాన్నగారి బదులు మీకూ మీ అక్కకూ. అంటే ఈ పొలంలో బాబాయికీ, మేనత్తకూ చెరో 16 సెంట్ల పైచిలుకు హక్కు ఇప్పటికే ఉంది.

ఇప్పుడు నాన్నగారు పోయిన నెలలో పోయారని రాయిస్తే ఏమవుతుంది? కాగితం మీద నాయనమ్మ ఆయనకంటే ముందే పోయినట్టవుతుంది. ఆమె వాటా మాయం, దాంతో బాబాయి, మేనత్తల హక్కూ మాయం. మీ మనసులో ఆ ఉద్దేశం లేకపోవచ్చు. కానీ రేపు వాళ్ల పిల్లలు కోర్టులో వేసే దావాకు ఆ తేదీయే ఆధారమవుతుంది. 2014 నాటి దహనం ఫొటోలు, రేషన్ కార్డులో పేరు తీసేసిన రికార్డు, నాన్నగారి బ్యాంకు ఖాతా ఆగిపోయిన తేదీ, అన్నీ మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతాయి. అది పౌర వివాదంతోనే ఆగదు. జనన మరణాల నమోదు చట్టం, 1969 కింద తెలిసి తప్పుడు వివరాలు ఇవ్వడం శిక్షార్హం. తప్పుడు పత్రం పుట్టించి వాడుకోవడం భారతీయ న్యాయ సంహిత కింద నేరం. చావు తేదీ అంటే వారసులెవరో తేల్చే రోజు. దాన్ని మన వీలును బట్టి జరపడానికి వీల్లేదు.

అసలు దారికి వద్దాం. మీ ఊరి పంచాయతీ వాళ్లు లేదన్నది నిజమే, వాళ్ల తప్పేం లేదు. మరణం ఎక్కడ జరిగితే అక్కడి రిజిస్ట్రారు దగ్గరే నమోదు కావాలి. సొంతూరు ఏది, ఆధార్‌లో చిరునామా ఏది, దహనం ఎక్కడ చేశారన్నది లెక్కలోకి రాదు. ఊళ్లలో సాధారణంగా పంచాయతీ కార్యదర్శి, పట్టణాల్లో మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ ఈ రిజిస్ట్రారు పని చూస్తాయి. నాన్నగారు అక్కావాళ్ల ఇంట్లో పోయారు కాబట్టి మీరు వెళ్లాల్సింది ఆ ఊరి పంచాయతీకి. (ఆసుపత్రిలో పోయి ఉంటే కబురు చేయాల్సిన బాధ్యత ఆసుపత్రిదే, సర్టిఫికెట్ ఆ ఆసుపత్రి ఉన్న ఊరి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో తీసుకోవాలి. చాలామంది ఇక్కడే పొరబడి సొంతూళ్లో తిరుగుతుంటారు.)

అక్కడికి వెళ్లగానే కొత్త దరఖాస్తు పెట్టకండి. ముందు రిజిస్టరు వెతికించండి. ఆ రోజుల్లో ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో చెప్పి రాయించి ఉండవచ్చు, మీకు తెలియకపోవచ్చు. 2014 నవంబరు ఒక్కటే చూసి వదలొద్దు. నమోదు ఆలస్యంగా జరిగి ఉండొచ్చు కాబట్టి తర్వాతి నెలలు, 2015 కూడా చూడమనండి. ఇంటిపేరు ఒకలా కాకపోతే ఇంకోలా రాసి ఉంటారు, రెండు రకాలుగానూ వెతకాలి. పాత రిజిస్టర్లు తహసీల్దారు కార్యాలయానికి పంపేసి ఉంటే అక్కడ కూడా అడగండి. దొరికిందా, మీ పని సగం కాదు, మొత్తం అయిపోయినట్టే: వెతుకులాట రుసుము కట్టి ధ్రువీకరించిన నకలు తీసుకోవడమే.

దొరకకపోతే, లేదు అనే మాటనే రాతపూర్వకంగా ఇమ్మనండి. దాన్ని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. నోటిమాటతో వెనక్కి రావద్దు, ముందుకు వెళ్లడానికి మొదటి మెట్టు ఆ కాగితమే.

మరణం 21 రోజుల్లోపు చెబితే మామూలు నమోదు. 21 రోజులు దాటి 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుము. 30 రోజులు దాటి ఏడాది లోపైతే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. మీది ఏడాది దాటిన కేసు. చట్టంలో ఇదివరకు దీనికి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఆర్డరు అని ఉండేది. కోర్టుకు పోవాలన్నాయన ఆ పాత మాట పట్టుకుని చెప్పి ఉంటారు. 2023లో చట్టం సవరించారు, అది అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేటు గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ, జిల్లా మేజిస్ట్రేటు అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ ఆర్డరు ఇవ్వవచ్చు. మన దగ్గర సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు అంటే ఆర్డీవో. కాబట్టి మీ దరఖాస్తు చేరాల్సింది అక్కగారి ఊరు ఏ డివిజన్‌లో ఉందో ఆ ఆర్డీవోకు. మీసేవలోనో సచివాలయంలోనో పెట్టినా, నేరుగా ఇచ్చినా, రశీదు సంఖ్య మాత్రం దాచుకోండి.

దరఖాస్తు అక్కగారి పేరునో బావగారి పేరునో పెట్టించండి. ఇంట్లో జరిగిన మరణాన్ని ముందుగా తెలియజేయాల్సింది ఆ ఇంటి పెద్ద అని చట్టం చెబుతుంది. అప్పుడు చెప్పలేదని మీద పడతారేమోనని వాళ్లు భయపడవచ్చు. ధైర్యం చెప్పండి. చెప్పకపోవడానికి చట్టంలో ఉన్న జరిమానా సవరణ తర్వాత కూడా గరిష్ఠంగా 250 రూపాయలే. ఎందుకు ఆలస్యమైందో ఉన్నదున్నట్టు రాయమనండి: తెలియలేదు, ఎవరూ అడగలేదు. అంతకంటే కథ అల్లక్కర్లేదు.

జతచేయాల్సినవాటిలో నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, నాన్నగారి గుర్తింపు పత్రం, రేషన్ కార్డు ఎలాగూ ఉంటాయి. బరువంతా మరణానికి రుజువు మీదే. చివరి రోజుల్లో చూసిన డాక్టరు చీటీలు, మందుల బిల్లులు, డిశ్చార్జి కాగితం, దశదిన కర్మకు వేయించిన కార్డు, పేపర్లో వేయించిన శ్రద్ధాంజలి, తేదీ ఉన్న ఫొటోలు, ఏది దొరికితే అది. ముఖ్యంగా ఆ కర్మ కార్డు కోసం బంధువుల ఇళ్లలో పాత అల్మారాలు వెతకండి, మరణ తేదీ అచ్చులో ఉండేది చాలాసార్లు దాని మీదే. అక్కగారి ఊళ్లో ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ల అఫిడవిట్లు చేయించండి. తర్వాత తహసీల్దారు విచారణ ఉంటుంది, రెవెన్యూ సిబ్బంది ఊళ్లోకి వచ్చి పంచనామా రాస్తారు. ఆ రోజు అక్కా బావా ఇంటి దగ్గర ఉండేలా చూసుకోండి.

ఆర్డరు వచ్చాక దాంతో పంచాయతీలో నమోదు చేయించి, రుసుము కట్టి సర్టిఫికెట్ తీసుకోవడం పెద్ద పని కాదు. ఆ ఒక్క ఘడియలో మాత్రం తొందరపడొద్దు. సంతకం పెట్టేముందు పట్టాదారు పాసుపుస్తకం పక్కన పెట్టుకుని ప్రతి అక్షరం సరిచూడండి. పాసుపుస్తకంలో వెంకటేశ్వర్లు అని ఉండి సర్టిఫికెట్‌లో వెంకటేశ్వరరావు అని పడితే, ఇద్దరూ ఒకరేనని నిరూపించడానికి మళ్లీ తిరగాలి. చట్టంలోని 15వ సెక్షన్ కింద తప్పు దిద్దించుకునే వీలుంది. కానీ అసలు నమోదు చెరపరు, పక్కన సవరణ రాసి సంతకం చేస్తారు, దానికీ రుజువులు అడుగుతారు. ధ్రువీకరించిన కాపీలు నాలుగైదు తీసుకోండి. గెజిటెడ్ అధికారి సంతకం పెట్టిన జిరాక్సు దీనికి బదులు కాదు.

కార్యాలయంలో కారణం లేకుండా తిరస్కరిస్తే, ఆ తిరస్కరణ రాతలో తీసుకోండి. పంచాయతీ రిజిస్ట్రారు మీద జనన మరణాల జిల్లా రిజిస్ట్రారుకు, జిల్లా రిజిస్ట్రారు మీద చీఫ్ రిజిస్ట్రారుకు 30 రోజుల్లోపు అప్పీలు చేసుకునే హక్కు 2023 సవరణతో వచ్చింది. వాళ్లు 90 రోజుల్లో తేల్చాలి.

డెత్ సర్టిఫికెట్ వారసులెవరో చెప్పదు. దానికి తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వేరే కావాలి. ఆ దరఖాస్తులో నాయనమ్మ 2014లో బతికే ఉందని, 2017లో పోయిందని రాయండి, ఆమె డెత్ సర్టిఫికెట్ ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. బాబాయి, మేనత్త తమ భాగం వద్దనుకుంటే సబ్ రిజిస్ట్రారు దగ్గర హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయిస్తే సరిపోతుంది. కావాలంటే ఇవ్వడమే న్యాయం.

పంచాయతీకి బయల్దేరేముందే బాబాయికి ఫోన్ చేసి అంతా చెప్పండి. దహనానికి దగ్గరుండి ఉంటారు కాబట్టి 2014 నవంబరు తేదీకి ఆయన అఫిడవిట్ మీకు బలమైన సాక్ష్యం. పైగా ఆ తేదీ నిజమని తేలితే హక్కు దక్కేవాళ్లలో ఆయనా ఒకరు.