ఆమిష్ ప్రేమ నవలల్లో నాయికకు అంత పట్టుదల ఎందుకు?

అమెరికాలో ఆధునికతకు దూరంగా సాదాసీదాగా బతుకుతూ, విధేయతనే ధర్మంగా భావించే క్రైస్తవ వర్గమైన ఆమిష్ సమాజంపై వచ్చే ప్రేమ నవలల్లో నాయిక అంత పట్టుదల గలదిగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు జవాబు వారి బాప్తిస్మ పద్ధతిలోనే ఉంది. ఆమిష్ వారు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. యుక్తవయసు వచ్చిన వ్యక్తి తానుగా మోకరిల్లి, ‘ఆర్డ్‌నంగ్’ అనే సంఘ కట్టుబాటుకు లోబడతానని మాట ఇవ్వాలి. ఆ మాట ఇవ్వకముందే సంఘాన్ని విడిచిన అమ్మాయికి సాధారణంగా వెలి ఉండదు; ఇచ్చి తప్పితే మాత్రం, కఠినమైన సంఘాల్లో, కన్నతల్లి కూడా ఆమెతో ఒకే బల్ల దగ్గర భోజనం చేయకూడదు. కథకు కావలసిన ఉత్కంఠ అంతా ఆ నిర్ణయం చుట్టూనే తిరుగుతుంది.

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీ నేపథ్యంగా బెవర్లీ లూయిస్ రాసిన ‘ది షనింగ్’ 1997లో వెలువడ్డాక ఈ ఒరవడి ఊపందుకుంది. ఇలాంటి నవలలు రాసే రచయిత్రులలో ఎక్కువమంది ఆమిష్ వారు కారు, వ్యక్తిగత విశ్వాసానికి పెద్దపీట వేసే ఇవాంజెలికల్ క్రైస్తవులు. అందువల్లనే కాబోలు, నాయిక తిరుగుబాటు తరచుగా దేవునితో వ్యక్తిగత అనుబంధం వైపు మళ్లుతుంది. నా దృష్టిలో మంచి నవలలో ఈ మొండితనం ఉపన్యాసాల్లో కాక చిన్న పనుల్లో తెలుస్తుంది: గుండీలకు బదులు గుండుసూదులతో గౌను బిగించుకుని, తెల్లని తలకుళ్లాయి నాడాలు మాత్రం ముడివేయకుండా వదిలేసి వంటింట్లోకి వచ్చిన కూతురిని తల్లి ఒక్క క్షణం చూసి, ఏమీ అనకుండా రొట్టెల పిండి కలపడంలో పడిపోతుంది.