టెక్ సందేహాలు: ఫోన్‌లో కనిపించే అద్దె వేరు, జేబులోంచి పోయే డబ్బు వేరు

సెలవులు దగ్గరపడితే నాకు వచ్చే ఉత్తరాల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి తగ్గి, కారు అద్దె యాప్‌ల గురించి పెరుగుతాయి. ఈసారి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చినవే ఎక్కువ. దాదాపు అందరూ అడిగింది ఒకటే: ఏ యాప్‌లో చవక? ముందు మీ ప్రయాణం ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గంటలో కాగితం మీద రాసుకోండి. ఆ లెక్క లేకుండా రెండు యాప్‌లను పోల్చడం కుదరదు. మొదటి ఉత్తరం చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

నల్లగొండ నుంచి ఒక పాఠకుడు: సార్, మేం ఆరుగురం. అందులో నలుగురు ఆడవాళ్లు. రెండు రోజులు శ్రీశైలం వెళ్లి రావాలి, ఎర్టిగా కావాలి. సెల్ఫ్ డ్రైవ్ కారు ఎల్‌బీ నగర్‌లోనే దొరుకుతోంది. ఒక యాప్‌లో 48 గంటలకు 5,600 రూపాయలు, 240 కిలోమీటర్లు దాటితే కిలోమీటరుకు 12. ఇంకో యాప్‌లో 8,400, ఎంత తిరిగినా అంతే. రెండింట్లోనూ పెట్రోలు మనదే. మా ఊరి ట్రావెల్స్ ఆయన కిలోమీటరుకు 17, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా రోజుకు 500 అంటున్నారు. 5,600ది బుక్ చేసేయనా?

ఆగండి. మీరు పన్నులు, ఫీజులు కలిపిన చివరి పేజీ అంకెలు పంపారు, మంచి పని చేశారు. చాలామంది మొదటి పేజీ చూసి మోసపోతారు. కానీ ఒక దూరం లెక్కలోకి రాలేదు. కారు ఎల్‌బీ నగర్‌లో ఉంది, మీరు నల్లగొండలో ఉన్నారు. ఎవరో ఒకరు వెళ్లి కారు తెచ్చి, ఇంటి దగ్గర అందరినీ ఎక్కించుకుని, దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం వెళ్లి, మళ్లీ ఇంటి దగ్గర దింపి, కారు అప్పగించి రావాలి. మొత్తం సుమారు 600 కిలోమీటర్లు. అప్పుడు మొదటి యాప్‌లో 360 కిలోమీటర్లు అదనం, అంటే 4,320 రూపాయలు. కలిపితే 9,920. మీరు ఖరీదని పక్కన పెట్టిన 8,400దే చవక అయింది.

ఇప్పుడు ఇంకో దారి. అందరూ నల్లగొండలో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కి ఎల్‌బీ నగర్‌లో దిగండి. నలుగురు ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, మగవాళ్లిద్దరికే డబ్బులు. అక్కడ కారు తీసుకుని కల్వకుర్తి మీదుగా వెళ్లి వస్తే, కొంచెం అటూ ఇటూ తిరిగినా 440 కిలోమీటర్లు. అదనం 200, దానికి 2,400. మొదటి యాప్‌లో 8,000, రెండోదాంట్లో 8,400. లెక్క తిరగబడింది చూశారా? యాప్‌లు మారలేదు, కారు మారలేదు. మీరు ఎక్కే చోటు మారిందంతే.

పెట్రోలు కూడా వేద్దాం. ఎర్టిగా లీటరుకు 15 ఇస్తుందనుకుని, లీటరు 107 చొప్పున చూస్తే 600 కిలోమీటర్లకు దాదాపు 4,280, 440కి దాదాపు 3,140. అంటే కారును ఇంటికి తెచ్చుకుంటే 12,680, ఎల్‌బీ నగర్‌లో ఎక్కితే 11,140, పైన ఇద్దరి బస్సు చార్జీలు. మీ ఊరి ట్రావెల్స్ ఆయన లెక్కలో రెండు రోజుల కనీసం 600 కిలోమీటర్లకు 10,200, బత్తా 1,000, మొత్తం 11,200. నూనె ఖర్చు ఆయనదే, కారు గుమ్మం ముందుకొస్తుంది, నడిపే మనిషీ ఉంటాడు. ఇంట్లో మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లుంటే నేనైతే రెండో ఆలోచన లేకుండా ఆయనకే ఫోన్ చేస్తాను. టోలు, పర్మిట్, పార్కింగ్ ఎవరివో మాత్రం ముందే మాట్లాడుకోండి.

నాకు నడపడమే ఇష్టం అంటారా, ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మన్ననూరు దగ్గర అటవీ శాఖ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అది. దర్శనం ఆలస్యమై గేటు మూసే టైముకు దాటలేకపోతే రాత్రంతా ఆగాల్సిందే, ఇక్కడ అద్దె గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గంటకింత లేటు ఫీజు పడితే మీరు మిగిల్చుకున్న 400 ఏ మూలకు? అడవిలో సిగ్నల్ సరిగా ఉండదు, యాప్ తెరిచి గంటలు పొడిగించుకుందామంటే నెట్ రాదు. అందుకే తిరుగు ప్రయాణంలో శ్రీశైలం దాటక ముందే పొడిగించుకోండి. మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో దించుకోండి. కొన్ని కార్లు ఫోన్‌తోనే తెరుచుకుంటాయి. మీకు ఇచ్చేది అలాంటిదైతే, అసలు తాళం చేతికిస్తారా లేదా అడగండి. ఇవ్వనంటే ఆ కారుతో అడవి దారి పట్టకండి. ఇంకొకటి, శ్రీశైలం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. పక్క రాష్ట్రంలోకి వెళ్లే పర్మిట్ ఉందా అని బుక్ చేయకముందే చాట్‌లో అడిగి, జవాబును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మహబూబ్‌నగర్ నుంచి ఒక ప్రైవేటు ఉద్యోగిని: నేను వాడే యాప్ ఏడాదికి 999 కడితే ప్రతి బుకింగ్‌పై 10 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 500 అంటోంది. కాయిన్లు కూడా ఇస్తారట. ఏడాదికి రెండుసార్లు కారు తీసుకుంటాం. తీసుకోవచ్చా?

రెండు బుకింగులకూ పూర్తి 500 దొరికినా మీకు మిగిలేది 1,000. కట్టింది 999. ఒక్క రూపాయి లాభం కోసం ఏడాదంతా ఒకే యాప్‌కు కట్టుబడటం ఎందుకమ్మా? పైగా మీరు వెళ్లేది సెలవుల్లో. షరతుల్లో 'పండగ రోజులకు వర్తించదు', 'వేరే కూపన్‌తో కలవదు' అనే ముక్కలు ఉన్నాయేమో వెతకండి. ఆ రోజుల్లో తగ్గింపు లేకపోతే ఆ ఒక్క రూపాయి కూడా ఉండదు. కాయిన్లకు గడువు ఎప్పటి వరకో చూడండి. సోమశిలకు ఒకసారి, ఆలంపూర్‌కు ఒకసారి వెళ్లే కుటుంబానికి అవి పోగయ్యేలోపే గడువు తీరిపోవచ్చు.

అయితే సభ్యత్వాల్లో రెండు సౌకర్యాలకు నేను విలువ ఇస్తాను. ఒకటి, బయల్దేరే ముందు దాకా పైసా పోకుండా రద్దు చేసుకునే వీలు. పిల్లలకు జ్వరం వస్తే దీని విలువ తెలుస్తుంది. రెండోది, డిపాజిట్ లేకుండా కారు ఇవ్వడం. నెలాఖరున ఐదు వేలు ఎవరి దగ్గరో ఇరుక్కుపోయి, ఎప్పుడొస్తాయా అని రోజూ యాప్ తెరిచి చూసే టెన్షన్ తప్పుతుంది. మీ 999లో ఈ రెండూ ఉంటే ఆలోచించండి, లేకపోతే వదిలేయండి.

కల్వకుర్తి నుంచి ఒక తండ్రి: మా బిడ్డ టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతోంది, వయసు 23. మేం వెళ్లినప్పుడు లాస్ వెగాస్‌లో కారు తీసుకుని గ్రాండ్ కాన్యన్ చూద్దామంటోంది. అక్కడి కంపెనీల మెంబర్‌షిప్‌లు మాలాంటి ఒక్కసారి పోయేవాళ్లకు పనికొస్తాయా?

పనికొస్తాయి, కానీ పాయింట్ల కోసం కాదు. హెర్ట్జ్ వాళ్ల గోల్డ్ ప్లస్ రివార్డ్స్, ఎవిస్ ప్రిఫర్డ్, నేషనల్ వాళ్ల ఎమరాల్డ్ క్లబ్, మూడూ ఉచితంగా చేరేవే. చేరితే చాలా విమానాశ్రయాల్లో కౌంటర్ దగ్గర క్యూలో నిలబడే పని తప్పుతుంది. ఎమరాల్డ్ క్లబ్‌లో ఇంకో సౌకర్యం ఉంది: మిడ్‌సైజ్ కారు బుక్ చేసి, ఎమరాల్డ్ ఐల్ అనే వరుస ఉన్న చోట అందులో నిలిపిన కార్లలో నచ్చింది ఎక్కి వెళ్లిపోవచ్చు. సామాన్లు ఎక్కువున్న మనవాళ్లకు ఇది నిజంగా ఉపయోగం. అన్నింట్లో చేరి, ధర చూసి ఒకదాన్ని ఎంచుకోండి.

ధర పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఎంటర్‌ప్రైజ్, నేషనల్, అలమో ఒకే గొడుగు కిందవి. ఎవిస్, బడ్జెట్ ఒక ఇల్లు. హెర్ట్జ్, డాలర్, థ్రిఫ్టీ ఇంకో ఇల్లు. కాబట్టి పది పేర్లు కనిపించినా పోటీ పడేది ముగ్గురు నలుగురే. ముందుగా డబ్బు కట్టే ఆఫర్‌కు ఆశపడకుండా, కారు తీసుకునేటప్పుడు కట్టే రకం, ఉచితంగా రద్దయ్యే రకం బుక్ చేయండి. తర్వాత వారానికోసారి ధర చూడండి. తగ్గితే కొత్తది బుక్ చేసి, పాతది రద్దు చేయండి. ఈ పనిని మీ బదులు చేసి, ధర పడగానే మెయిల్ పంపే ఆటోస్లాష్ అనే ఉచిత సైటు ఉంది. వెతికేటప్పుడు నివాస దేశం ఇండియా అని పెట్టి ఒకసారి, అమెరికా అని పెట్టి ఒకసారి చూడండి. ఇండియా అని పెడితే బీమా కలిపిన రేటు చాలాసార్లు వస్తుంది. కానీ బుక్ చేసేది మాత్రం నడిపే మనిషి నిజంగా ఏ దేశంలో ఉంటే ఆ దేశం పేరుతోనే. లేకపోతే బీమా దగ్గర పేచీ వస్తుంది.

మీ బిడ్డ వయసు ఇక్కడ అడ్డం. 25 లోపు డ్రైవర్‌కు చాలా కంపెనీలు రోజుకింత అదనంగా వేస్తాయి. ఆ అమ్మాయి పేరుతో వచ్చిన రేటును మీ పేరుతో వచ్చిన దాంతో పోల్చి చూడండి. మీరే నడిపేట్టయితే బయల్దేరే ముందే రవాణా శాఖ దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఫారం 4ఎ, ఫీజు 1,000, ఏడాది చెల్లుతుంది. మన లైసెన్స్ అసలుది కూడా జేబులో ఉండాలి. క్రెడిట్ కార్డు, నడిపే మనిషి పేరు ఒకటే కావాలి. దానిపై కొంత సొమ్ము హోల్డ్‌లో పెడతారు కాబట్టి లిమిట్ చూసుకోండి.

జడ్చర్ల నుంచి: నా సొంత కారుకు ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది. ఆలంపూర్‌కు అద్దె కారులో పోతే శాఖాపూర్ టోల్ దగ్గర అది పనిచేస్తుందా?

పనిచేయదు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన ఈ పాస్ ఏడాది లేదా 200 ట్రిప్పుల వరకు, మీరు ఏ బండికి తీసుకున్నారో ఆ బండికే. అదీ సొంత అవసరాలకు వాడే బండ్లకే. అద్దె కారు టోలు దాని ఫాస్టాగ్‌లోంచి పోతుంది, తర్వాత మీ డిపాజిట్‌లో కోస్తారు. ఏ టోల్ ఎన్ని గంటలకు దాటారో ఫోన్‌లో రాసుకుంటే, లెక్క తేడా వచ్చినప్పుడు అడగొచ్చు.

దేవరకొండ నుంచి ఒక యువకుడు: అన్నా, తెల్ల నంబర్ ప్లేట్ కారు అద్దెకు ఇస్తున్నారు, 30 శాతం తక్కువ. తీసుకోనా? పోయినసారి నేను చేయని గీతకు డిపాజిట్ కోశారు, దానికేం చేయాలి?

తీసుకోకు తమ్ముడూ. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు సొంత బండిది, దాని బీమాలో అద్దెకు తిప్పకూడదని ఉంటుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఆ ఒక్క మాట పట్టుకుంటుంది. 30 శాతం మిగుల్చుకోబోయి లక్షల్లో ఇరుక్కుంటావు.

ఇక గీత సంగతి. రెండేళ్ల కింద నాకూ ఇదే జరిగింది. కుటుంబంతో నాగార్జునసాగర్ వెళ్లొచ్చాక వెనక బంపర్ గీత పేరుతో డిపాజిట్‌లో 2,500 కోశారు. నా దగ్గర తీసుకునేటప్పటి ఫొటోలు 14 ఉన్నాయి. అయినా నిరూపించలేకపోయాను. తెల్లారి 5 గంటలకు, అప్పుడే కడిగి తెచ్చిన కారు అది. తడి మీద గీతలు కనిపించవు. నేను ఎదురుగా ఫ్లాష్ వేసి తీస్తే ఫొటోల్లో తెల్లటి మెరుపు తప్ప ఏమీ పడలేదు. ఆ 14 ఫొటోలూ ఇంకా ఫోన్‌లోనే ఉన్నాయి, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

అప్పటి నుంచి చిన్న పాత బట్ట ఒకటి సంచిలో పెట్టుకుంటున్నాను. ముందు బంపర్, వెనక బంపర్, నాలుగు తలుపుల కింది భాగం పొడిగా తుడుస్తాను. ఇంకో ఫోన్ టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి వాలుగా పట్టిస్తాను. వాలుగా పడిన వెలుతురులో సన్న గీత కూడా దారంలా తేలి కనిపిస్తుంది. ఆపకుండా ఒకే వీడియో: నంబర్ ప్లేటుతో మొదలుపెట్టి కారు చుట్టూ తిరిగి, నాలుగు టైర్లు, స్టెప్నీ చూపించి, లోపల కూర్చుని కిలోమీటర్ల మీటరు, పెట్రోలు ముల్లుతో ముగిస్తాను. కారు ఇచ్చే మనిషి అక్కడుండగానే అదే వీడియోను యాప్ చాట్‌లో పంపిస్తాను, టైము అక్కడే నమోదవుతుంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఇదే వరుసలో ఇంకోటి. మొత్తం ఐదు నిమిషాల పని. పోయినసారి కోసిన డబ్బు గురించి మాత్రం, నీ దగ్గర తీసుకున్న రోజు ఫొటో ఒక్కటున్నా యాప్ ఫిర్యాదులో పెట్టు. వాళ్లు పలకకపోతే 1915కు ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.